ఇదెక్కడ పెట్టాలి?

మా పెద్దమ్మాయికి నాలుగేళ్ళు నిండిన కొత్తలో ఒక సాయంత్రం. గది నిండా ఆటసామాను, కాలు పెట్టే చోటు లేదు. "ఇవన్నీ సర్దెయ్యమ్మా, పది నిమిషాల్లో వస్తా" అని చెప్పి పక్కగదిలోకి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే ఒక్క వస్తువూ చోటు మారలేదు. పిల్ల మాత్రం ఆ కుప్ప మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, చేతిలో ఏదో పట్టుకుని తిప్పి తిప్పి చూస్తోంది. నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపు తనే అడిగింది: "అమ్మా, ఇదెక్కడ పెట్టాలి?"

బూడిదరంగు ప్లాస్టిక్ ముక్క. బొటనవేలంత ఉంటుంది. ఒక పక్క మూసి ఉంది, ఇంకో పక్క బోలు. ఏ బొమ్మలోంచి ఊడిందో, అసలు ఆ బొమ్మ ఇంకా ఇంట్లో ఉందో లేదో నాకూ తెలియదు. "ఎక్కడో ఒకచోట పెట్టు" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. నేల కూడా ఎక్కడో ఒకచోటే కదా, అది ఇప్పటికే అక్కడుంది.

పిల్లలు బొమ్మలు సర్దకపోతే మనం వెంటనే బద్ధకం అంటాం, మొండితనం అంటాం, గారాబం ఎక్కువైందంటాం. ఆ సాయంత్రం నుంచి నాకు ఇంకోలా అనిపిస్తోంది. చాలాసార్లు మనం పిల్లలకి చెప్పే పని మనకే సరిగ్గా తెలియదు. ఏది ఎక్కడుండాలో మనం తేల్చుకోలేదు. తేల్చుకోని పనిని పిల్లల నెత్తిన పెట్టి, అది జరగలేదని కేకలేస్తాం. ఈ మాట ఇంట్లో అంటే పెద్దవాళ్ళ దగ్గర్నుంచి ఠక్కున వచ్చే జవాబు ఒకటుంది: మొక్కై వంగనిది మానై వంగునా? చిన్నప్పుడే అలవాటు చెయ్యాలనే దాంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ వంచడంతోనే. పాదు పెట్టినవాళ్ళు తీగని వంచరు, పక్కన పందిరి వేస్తారు. మా ఇంట్లో పందిరి లేదు. వంచడం మాత్రం రోజూ జరుగుతోంది.

అసలు 'సర్దు' అంటే ఏమిటో ఒకసారి విడదీసి చూడండి. ముందు ఆట ఆపాలి. అన్నిటికంటే కష్టం అదే. తర్వాత ఆ కుప్పలో ఏది దేనికి చెందిందో చూడాలి. ఒకదాన్ని చేతిలోకి తీసుకుని దాని చోటు గుర్తు తెచ్చుకోవాలి, అక్కడిదాకా నడవాలి, మూత తియ్యాలి, లోపల పెట్టాలి, మూత వెయ్యాలి, మళ్ళీ కుప్ప దగ్గరికి రావాలి. ఈ రాకపోకల్లో దారిలో ఏదో కనిపిస్తుంది. వారం రోజులుగా కనపడని చిన్న కుక్కబొమ్మ సోఫా కింద నుంచి తొంగిచూస్తుంది. అంతే, సర్దడం అయిపోయింది, ఆట మొదలైంది. ఇది క్రమశిక్షణ లేకపోవడం కాదు. మూడేళ్ళ పిల్లకి ఒకదాని వెంట ఒకటి మూడు నాలుగు పనులు చెబితేనే బుర్రలో నిలవడం కష్టం. మనం ఒక్క మాటలో ఇరవై పనులు చెప్పి, ఒక్క పనే కదా చెప్పానంటున్నాం.

ఒకరోజు తనంతట తానే సర్దిందని పిలిచింది. వెళ్ళి చూస్తే ఒక డబ్బాలో నీలం బ్లాకు, నీలం క్రేయాను, బొమ్మకి తొడిగే నీలం గౌను, నీలం కారు, వాటితోపాటు నా నీలం రిబ్బను. "ఇలా కాదమ్మా, తప్పు" అనేశాను. దాని మొహం చిన్నబోయింది. తర్వాత ఆలోచిస్తే తప్పెక్కడుంది? దానికో లెక్క ఉంది, ఆ లెక్కకి కట్టుబడి చేసింది. చిన్నపిల్లలు వస్తువుల్ని జట్లు జట్లుగా పెట్టేటప్పుడు మధ్యలో లెక్క మార్చేస్తుంటారని, రంగుతో మొదలుపెట్టి ఆకారంలోకి జారిపోతారని స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే ఎప్పుడో చూపించాడు. మా అమ్మాయి ఆరోజు లెక్క మార్చకుండా చివరిదాకా నీలంతోనే నిలబడింది. మెచ్చుకోవాల్సిన పనిని నేను తప్పన్నాను. నా లెక్క 'బళ్ళన్నీ ఒకచోట'. అది నా బుర్రలో ఉంది, ఎప్పుడూ పైకి చెప్పలేదు.

ఈ విషయం చదవడం మొదలుపెడితే మాంటిస్సోరి పేరు తగలకుండా ఉండదు. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల వాడలో కూలివాళ్ళ పిల్లల కోసం ఒక బడి తెరిచారు. అక్కడి మొదటి రోజుల సంగతి ఒకటి ఆవిడే చెప్పారు. సామాను బీరువాలో ఉండేది, తాళం టీచరు దగ్గర ఉండేది. టీచరే తీసి ఇచ్చేది, అయిపోయాక ఆవిడే లోపల పెట్టేది. అయితే ఆవిడ సర్దుతున్నంతసేపూ పిల్లలు చుట్టూ మూగేవారు. వెళ్ళి కూర్చోమన్నా మళ్ళీ వచ్చేవారు. వాళ్ళకి కావలసింది ఆ వస్తువుల్ని తామే తిరిగి పెట్టడం అని మాంటిస్సోరికి తట్టింది. ఇంకోరోజు టీచరు తాళం వెయ్యడం మరిచిపోయి, మర్నాడు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే పిల్లలు బీరువా తలుపులు తెరిచి, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుపోతున్నారు. టీచరుకి అది దొంగతనంలా కనిపించింది. మాంటిస్సోరికి మాత్రం, ఏది తమకి కావాలో ఎంచుకునేంతగా ఈ పిల్లలకి ఆ వస్తువులు తెలిసిపోయాయనిపించింది. అప్పట్నుంచి పెద్ద బీరువా పోయి, పిల్లల చేతికందే ఎత్తులో అరలు వచ్చాయి.

నాకు ఇందులో నచ్చింది అర ఎత్తు కాదు, చుట్టూ మూగిన పిల్లలు. తిరిగి పెట్టడం వాళ్ళకి శిక్షలా లేదు, ఆటలో ఆఖరి ముక్కలా ఉంది. (ఆవిడ పేరు చెప్పి ఇప్పుడు అందరూ ఫొటోలు పెట్టుకునే ఆ లేతరంగు చెక్క షెల్ఫులు, వాటిమీద జానెడు దూరానికో బొమ్మ, అవి పిల్లల కోసమని నేను నమ్మను. చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళ కోసం.)

మా ఇంట్లో నేను చేసిన ప్రయోగాల్లో సగం బెడిసికొట్టాయి. మొదట ఉత్సాహం ఎక్కువై పద్నాలుగు చిన్న డబ్బాలు తెచ్చి, ప్రతిదానికీ బొమ్మ గీసి అంటించాను. చూడముచ్చటగా ఉంది. నాలుగు రోజులు నడిచింది. పద్నాలుగు చోట్లు గుర్తుపెట్టుకోవడం నాకే చేతకాక, చివరికి అన్నీ కలిపి ఏదో ఒక డబ్బాలో కుక్కడం మొదలుపెట్టాను. ఆ తర్వాత దానికి సరిగ్గా ఎదురు దారి పట్టాను: ఒకే ఒక్క పెద్ద పెట్టె. సర్దడం చాలా తేలిక, ఎత్తి పొయ్యడమే. కానీ అడుగున ఉన్న ఒక్క కారు కావాలంటే పెట్టెంతా బోర్లించాలి. సర్దే పని సగమైంది, చిందరవందర రెట్టింపైంది.

ఇప్పుడున్నవి అయిదు. బళ్ళు, బ్లాకులు, బొమ్మలూ వాటి సామాను, కాగితాలూ రంగులూ, ఇక అయిదోది 'మిగతావి'. ఈ అయిదో డబ్బా నా జీవితంలో చేసిన కొద్దిపాటి తెలివైన పనుల్లో ఒకటి. ఎక్కడిదో తెలియని ప్రతి ముక్కా, ఆ బూడిదరంగుదానితో సహా, అందులోకి పోతుంది. ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోవడమన్నది దాంతో తప్పింది. ఇంకో మార్పు, దేనికీ మూతల్లేవు. మూత తియ్యాలంటే రెండు చేతులూ కావాలి, అప్పుడు చేతిలో ఉన్నది కింద పెట్టాలి, కింద పెట్టాక అది మళ్ళీ ఆటవస్తువు అయిపోతుంది. మా చిన్నవాడికి రెండున్నరేళ్ళు. బ్లాకులు డబ్బాలో పడేటప్పుడు దడదడా చప్పుడవుతుందని, కేవలం ఆ చప్పుడు కోసం బ్లాకులన్నీ వాడే వేస్తాడు. వేసి, మళ్ళీ బోర్లిస్తాడు, మళ్ళీ వేస్తాడు. మూడోసారి వేశాక డబ్బా ఎత్తి పైన పెట్టడం నా వంతు.

డబ్బాల సంగతి ఎంత చెప్పినా, అసలు బాధ సంఖ్యలో ఉంది. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. 36 మంది చిన్నపిల్లల్ని ఒకసారి నాలుగు బొమ్మలతో, ఇంకోసారి పదహారు బొమ్మలతో ఆడుకోనిచ్చారు. నాలుగే ఉన్నప్పుడు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. సర్దడం గురించి వాళ్ళేమీ లెక్కపెట్టలేదు, ఆ ముడి నేను వేస్తున్నదే. పదహారు ఉన్నప్పుడు పిల్లలు ఒకటి వదిలి ఇంకోటి పట్టుకుంటారు. అలా వదిలిన ప్రతి బొమ్మా రాత్రికి సర్దాల్సిన బొమ్మే. మా ఇంట్లో సగం సామాను అటక మీదికి ఎక్కించాను, అప్పుడప్పుడు మారుస్తుంటాను. మూడు వారాల వరకు వాటిని ఎవరూ అడగలేదు. మూడు వారాల తర్వాత చిన్నవాడు ఒక్కటి అడిగాడు, చక్రం ఊడిపోయిన బస్సు. కొత్తవాటిలో ఒక్కటీ కాదు.

ఇప్పుడు చెప్పబోయేది నేను గర్వపడే విషయం కాదు. "సర్దకపోతే పారేస్తా" అనే బెదిరింపు నేనూ వాడాను. ఒకసారి నిజంగానే నేలమీదున్నదంతా ఒక సంచిలోకి ఎత్తి దాచేశాను. పిల్ల ఏడవలేదు. మర్నాడు తమ్ముడికి చెబుతుంటే విన్నాను: "అమ్మకి కోపం వస్తే మనవి తీసేసుకుంటుంది." సర్దకపోతే అని కాదు, కోపం వస్తే అని. నేను నేర్పాననుకున్నది ఒకటి, దానికి అందింది ఇంకొకటి.

అంతకంటే పెద్ద తప్పు ఒక సీసా మూతతో జరిగింది. నేల తుడుస్తూ చెత్త అనుకుని పారేశాను. అది డాక్టరమ్మ స్టెతస్కోపుట. దారం చివర కట్టి గుండెమీద ఆనించే భాగం. పిల్ల రెండు రోజులు వెతికింది. ఏది చెత్తో తేల్చే హక్కు ఇంట్లో ఎవరిదన్న ప్రశ్న అప్పటిదాకా నాకు రాలేదు. ఇప్పుడు అనుమానంగా ఉన్నవి పారేసే ముందు అడుగుతున్నాను. ఈ అడగడం వల్ల మా ఇల్లు కాస్త చెత్తగానే ఉంటుంది, ఒప్పుకుంటాను.

బెదిరింపు పని చెయ్యలేదని బహుమతి వైపు తిరిగాను. గోడకి ఒక చార్టు, సర్దిన రోజు ఒక నక్షత్రం. పదకొండు రోజులు బ్రహ్మాండంగా సాగింది. పన్నెండో రోజు స్టిక్కర్లు అయిపోయాయి. "నక్షత్రం లేకపోతే ఈరోజు సర్దక్కర్లేదు కదా?" అని అడిగింది. వెటకారం కాదు, నిజాయితీగానే అడిగింది. ఒప్పందం అలాగే ఉంది మరి.

దీని మీద 1973 నాటి ఒక పరిశోధన చాలా ప్రసిద్ధం. లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు మనస్తత్వవేత్తలు, బొమ్మలు గీయడం ఇష్టమున్న నర్సరీ పిల్లల్లో కొందరికి గీస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొన్నాళ్ళ తర్వాత చూస్తే, ఆ పిల్లలు తమంతట తాము గీస్తూ గడిపే సమయం మిగతావాళ్ళతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ఇక్కడ మా ఆయన ఒక మాట అన్నాడు, అది సబబే. గీయడం పిల్లలకి మొదటే ఇష్టం కాబట్టి ఆ ఇష్టం తగ్గింది, సర్దడం ఎవరికి ఇష్టమని, తగ్గడానికి ఏముందని? చాలా రోజులు నా దగ్గర దీనికి జవాబు లేదు.

జవాబు మా చిన్నవాడిలో దొరికింది. వాడికి ఏడాదిన్నర ఉన్నప్పుడు ఇంట్లో ఏది కనిపించినా తీసుకెళ్ళి బకెట్లో వేసేవాడు. కారు, చెంచా, నా చెప్పు, ఒకసారి టీవీ రిమోటు. నేను బట్టలు మడతపెడుతుంటే పక్కన కూర్చుని తనూ ఒక తువ్వాలు ఉండ చుట్టేవాడు. ఇది మా వాడి ఒక్కడి గొప్ప కాదు. ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టోమసెల్లో అనే మనస్తత్వవేత్తలు 2006లో పద్దెనిమిది నెలల పిల్లల మీద చేసిన ప్రయోగాల్లో, పెద్దమనిషి చేతిలోంచి బట్టల క్లిప్పు జారిపడి అందక తంటాలుపడుతుంటే పిల్లలే తీసి ఇచ్చారు. పత్రికల మోపు చేతుల్లో పెట్టుకుని బీరువా తలుపు తియ్యలేకపోతుంటే వెళ్ళి తీశారు. ఎవరూ అడగలేదు, ఎవరూ శభాష్ అనలేదు. ఆ ఇద్దరే 2008లో ఇరవై నెలల పిల్లల్లో ఇంకోటి చూశారు: సాయం చేసినప్పుడల్లా ఆటవస్తువు ఇచ్చిన పిల్లలు, తర్వాత సాయం చెయ్యడం తగ్గించారు.

అంటే తగ్గడానికి ఒకటుంది. ఏడాదిన్నర వయసులో వాడు మన పనిలో చెయ్యి పెట్టడానికి ఎగబడతాడు. అప్పుడు మనమేం చేస్తాం? "నువ్వు తప్పుకో నాన్నా, నేను చేసేస్తా." వాడు మడత విప్పేస్తాడు, పని రెట్టింపవుతుంది, మనకి టైం లేదు. రెండేళ్ళపాటు పక్కకి నెట్టి నెట్టి, నాలుగేళ్ళు రాగానే నడుం మీద చేతులు పెట్టుకుని "ఒక్క పని ముట్టుకోవేం?" అని నిలదీస్తాం. ఈ వ్యాసంలో నాకు గట్టి నమ్మకమున్న మాట ఇదొక్కటే. సర్దడం నేర్పడం నాలుగేళ్ళకి మొదలవ్వదు, వాడు నా చెప్పుని బకెట్లో వేసిన రోజున మొదలవుతుంది. ఆరోజు నేను విసుక్కుని బకెట్ తీసి పైన పెట్టాను.

మాటల విషయంలో కూడా కొంత చూసుకోవాలి. 1975లో షికాగోలో అయిదో తరగతి పిల్లల్లో కొందరికి 'మీరు శుభ్రంగా ఉండే పిల్లలు' అని, ఇంకొందరికి 'మీరు శుభ్రంగా ఉండాలి' అని చెబుతూ వచ్చారు. చెత్త తక్కువ పారేసింది మొదటివాళ్ళు. మరి చిన్నపిల్లలకి ఇలాంటి బిరుదులు ఇస్తే, పని బెడిసికొట్టిన రోజున కుంగిపోతారని ఈమధ్య వచ్చిన పరిశోధన ఒకటి చెబుతోంది. అందుకని నేను బిరుదుల జోలికి పోను. "బళ్ళన్నీ ఇంటికెళ్ళిపోయాయే!" అంటాను, అంతే. ఎదురు బిరుదులు మాత్రం, 'చిందరవందర పిల్ల', 'బద్ధకపు మొద్దు' లాంటివి, మా ఇంట్లో నిషేధం. నోరు జారుతుంది, జారినప్పుడు మా ఆయన దగ్గుతాడు.

"అయిదు నిమిషాల్లో ఆపాలి" అని చెప్పడం కూడా మానేశాను. మూడేళ్ళవాళ్ళకి అయిదు నిమిషాలు అంటే ఏం తెలుస్తుంది? "ఈ బస్సు ఊరు చేరగానే సర్దుదాం" అంటే తెలుస్తుంది. బస్సు ఒక్కోసారి ఊరు చేరడానికి చాలాసేపు పడుతుంది, ఏం చేస్తాం. ఎవరు ముందు సర్దుతారో పందెం పెట్టమని చాలామంది సలహా ఇస్తారు. నాకది పడదు. పెద్దది విసిరేస్తుంది, చిన్నవాడు ఓడిపోయి ఏడుస్తాడు, చివరికి ఇద్దర్నీ సముదాయిస్తూ నేనే సర్దుతాను. "నేను తియ్యలేదు, వాడే తీశాడు" అన్న కేసులు కూడా విచారణకి తీసుకోను. నువ్వు బళ్ళు, వాడు బ్లాకులు, నేను మిగతావి. ముగ్గురం ఒకేసారి వంగుతాం.

సగంలో ఉన్న ఆట సంగతి మాత్రం ఇంట్లో ఇప్పటికీ తెగలేదు. బ్లాకులతో గంటన్నర కూర్చుని ఊరు కట్టింది, ఇంకా వంతెన మిగిలింది. దాన్ని రాత్రయిందని కూల్చి డబ్బాలో వెయ్యమనడం నాకు అన్యాయం అనిపిస్తుంది. మనం సగం రాసిన ఉత్తరాన్ని రోజూ చింపి పడుకోం కదా. అందుకే ఒక వెడల్పాటి అట్ట ఉంది, దానిమీద కట్టినది మర్నాటిదాకా అలాగే ఉండొచ్చు. మా ఆయనకి రాత్రి నేల ఖాళీగా కనపడాలి. చివరికి కుదిరిన రాజీ: తలుపు నుంచి మంచాల దాకా దారి ఖాళీ, గోడవార ఊరు పదిలం.

రాజీ లేనిది ఒక్క విషయంలో. చిన్నవాడి నోట్లో పట్టే ముక్కలు నేలమీద ఉండకూడదు. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేసిన ముక్క గొంతుకి అడ్డం పడగలదని లెక్క. గుండీలా ఉండే బ్యాటరీలు మరీ ప్రమాదం, గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలవు. అయస్కాంతం ముక్కలూ ప్రమాదమే. వీటిని ఏరి పైన పెట్టడం పిల్లలకి నేర్పే అలవాట్ల లెక్కలోకి రాదు, అది పూర్తిగా పెద్దవాళ్ళ పని. పడుకునే ముందు టార్చి వేసి సోఫా కింద చూడటం నా డ్యూటీ.

ఇదంతా చదివి మా ఇల్లు అద్దంలా ఉంటుందనుకోకండి. వారంలో నాలుగు రోజులు నడుస్తుంది, మూడు రోజులు అందరం అలసిపోయి వదిలేస్తాం. పెద్దదానికి ఇప్పుడు అయిదున్నర. మొన్న నా బల్ల ముందు నిలబడి, కాగితాలు, ఛార్జర్లు, మూత లేని పెన్నులు అన్నీ తేరిపార చూసి, "ఇది ఎవరు సర్దుతారు?" అంది. నా బల్లకి అయిదు డబ్బాలు లేవు. ప్రస్తుతానికి మొత్తం 'మిగతావి'.

అన్నట్టు, ఆ బూడిదరంగు ముక్క ఏమిటో పోయిన వారం తెలిసింది. బట్టలు ఆరేసే స్టాండు నేలమీద జారుతోందని మా ఆయన తిట్టుకుంటూ దాన్ని బోర్లించాడు. నాలుగు కాళ్ళలో మూడింటికే తొడుగులున్నాయి. పిల్ల ఒక నిమిషం ఆ కాళ్ళకేసి చూసి, పరిగెత్తుకెళ్ళి అయిదో డబ్బాలో చెయ్యి పెట్టి వెతికి తెచ్చింది. సరిగ్గా పట్టింది. ఏడాదిన్నరగా మేం బొమ్మల్లో వెతుకుతున్నది మా స్టాండు కాలి తొడుగు.